మధ్యలో నేల ఖాళీగా ఉండనివ్వండి

మా చోరనూరులో ఏ వస్తువైనా నెల తిరిగేసరికి కాస్త ఎర్రబడుతుంది. బళ్లారి జిల్లా సండూరు తాలూకా మట్టి అలాంటిది, ఇనుము కలిసిన నేల. ఉతికి ఆరేసిన పంచె, కిటికీ చువ్వలు, మనవడి లెగో ఇటుకలు, దేన్నీ వదలదు. పోయిన వేసవిలో ఒకనాడు ఆ ఇటుకల్ని బకెట్టులో వేసి కడుగుతుంటే మా కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తా, వీడు నెల రోజులుగా అదేదో డోజో అంటా కడతానే ఉన్నాడు. మానిపించి ఏదన్నా క్లాసులో చేర్పిద్దామా, లేకుంటే ఇంకో పెద్ద పెట్టె కొనిద్దామా?"

ఆ రెండూ ప్రేమతో అడిగిన మాటలే. ఇదే మాటను వేరే తల్లిదండ్రుల నోటా విన్నాను. పిల్లవాడు ఒక పనిలో మునిగిపోయినప్పుడు మనకు ఊరికే కూర్చోవడం చేతకాదు. దాన్ని ఆపాలనైనా అనిపిస్తుంది, దానికి ఎరువు వేయాలనైనా అనిపిస్తుంది. ఆ రోజు కోడలికి చెప్పిన జవాబునే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు డోజో అంటే ఏమిటో మనకు తెలియాలి. వాడికి అది టీవీలోంచి వచ్చింది. లెగో కంపెనీ 2011లో నింజాగో అని ఒక బొమ్మల వరుస, దానితో పాటు టీవీ కథ మొదలుపెట్టింది. అందులో ముసుగు వీరులు, వాళ్లకు ఒక ముసలి గురువు, ఆయన దగ్గర శిక్షణ. మా ఇంటికి డోజో వచ్చిన దారి అదే. మాట మాత్రం అంతకంటే చాలా పాతది. జపాను భాషలో డోజో అంటే మార్గాన్ని సాధన చేసే చోటు. బౌద్ధ గ్రంథాలు చైనా భాషలోకి వెళ్లినప్పుడు, బుద్ధుడు జ్ఞానం పొందిన స్థలాన్ని చెప్పే 'బోధిమండ' అనే సంస్కృత పదానికి పెట్టుకున్న పేరు ఇది. అక్కడి నుంచి జపానుకు పోయి, కాలక్రమంలో కత్తిసాముకూ కుస్తీకీ కరాటేకీ కూడా అదే పేరు నిలిచింది. అంటే మన బోధగయ నుంచి బయల్దేరిన మాట చైనా, జపాను చుట్టి, ప్లాస్టిక్ పెట్టెలో కూర్చుని చోరనూరు చేరింది. ఈ సంగతి వాడికి చెప్పినప్పుడు ఇటుకలు పక్కన పెట్టి విన్నాడు. చెప్పాల్సినవి ఇలాంటివి. కట్టే పనిలో తలదూర్చకుండా, కట్టేదాని వెనక ఉన్న లోకాన్ని కొంచెం కొంచెంగా అందించడం పెద్దవాళ్లు చేయగల మంచి పని.

పెద్ద పెట్టె సంగతికి వస్తాను. జూడో విద్యను నిలబెట్టిన కానో జిగోరో చిన్నప్పుడు పొట్టిగా, బక్కపలచగా ఉండేవాడు. బడిలో బలమైన పిల్లలు ఏడిపించేవాళ్లు. ఆ బాధతోనే జుజుత్సు అనే పాత మల్లవిద్య నేర్చుకున్నాడు. 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో సొంతంగా నేర్పడం మొదలుపెట్టాడు. అప్పటికి ఉన్న శిష్యులు 9 మంది. సాధన చేసిన గది 12 చాపలంత. ప్రపంచమంతా పాకిన జూడోకు తల్లిబడి అయిన కొడోకాన్ అక్కడ పుట్టింది.

పన్నెండు చాపలు! మీ ఇంట్లో ఉన్న ఇటుకలు బోర్లించి చూడండి. చాలా పెట్టెల్లో రెండు వరుసల్లో నాలుగేసి బుడిపెలున్న ఇటుకలు కొన్ని ఉంటాయి. జపాను తతామి చాప పొడవు వెడల్పుకు రెట్టింపు, సుమారు 180 సెంటీమీటర్లకు 90. ఈ ఇటుకా అంతే, వెడల్పుకు రెట్టింపు పొడవు. అలాంటివి పన్నెండు ఉంటే కానో మొదటి గది నేల సిద్ధమైనట్టే. అటు 8 బుడిపెలు, ఇటు 12 బుడిపెలు. మన అరచేతిలో పడుతుంది. ఒకే రకం ఇటుకలు ఆరు ఇస్తే వాటిని 91 కోట్లకు పైగా విధాలుగా అతికించవచ్చని లెక్క కట్టారు. కాబట్టి ఇటుకలు చాలక పిల్లవాడి ఊహ ఆగిపోతుందని దిగులు వద్దు. పైగా 1958లో పేటెంటుకు దరఖాస్తు చేసిన నాటి ఇటుక ఈనాటి దానికి అతుకుతుంది. మా వాడి పెట్టెలో సగం బెంగళూరులో ఉన్న మా చిన్నబ్బాయి ఒకప్పుడు ఆడుకున్నవే. పండక్కి వచ్చినప్పుడు తన పాత ఇటుకలు కొడుకు వయసు పిల్లవాడి చేతిలో చూసి వాడు నేల మీదే కూర్చుండిపోయాడు.

చాపలు పరిచే పద్ధతిలో ఒక చక్కని చిక్కుంది. జపాను ఇళ్లలో శుభంగా పరచడమంటే, నాలుగు చాపల మూలలు ఒక్కచోట కలవకూడదు. కొన్నింటిని నిలువుగా, కొన్నింటిని అడ్డంగా పరిచి ఆ కూడలి రాకుండా చూసుకుంటారు. పన్నెండు ఇటుకలతో 8 బుడిపెలకు 12 బుడిపెల నేలను అలా పరచడం సాధ్యమే. నేను ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చేశాను. మా వాడికి మాత్రం చెప్పలేదు. "కుదురుతుంది, నేను చూశాను" అన్నానంతే. వాడికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో వాళ్ల నాన్న రెండు సార్లు ఫోను తీసి జవాబు వెతకబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పిల్లవాడు తికమకపడుతుంటే చూస్తూ ఊరుకోవడం తండ్రికి కష్టమే, నాకు తెలుసు. కానీ ఆ తికమక వాడిది. మూడో రోజు పొద్దున పళ్లు తోముకోకుండానే వచ్చి నన్ను లేపిన ముఖం నేను మరచిపోలేను. ఫోనులో దొరికిన జవాబుకు అలాంటి ముఖం రాదు.

అంతలోనే వాడికి ఇంకో లోపం కనపడింది. లెగో మనిషిని ఆ చాప మీద పడుకోబెడితే కాళ్లు చాప దాటి పోతున్నాయి. మనిషి ఎత్తు 4 సెంటీమీటర్లు, ఇటుక పొడవు 3.2. "అసలు చాప మనిషికంటే పొడుగు కదవ్వా" అన్నాడు. అవును మరి. బుడిపెకీ బుడిపెకీ మధ్య 8 మిల్లీమీటర్లు. ఒక చాపకు 3 బుడిపెల వెడల్పు, 6 బుడిపెల పొడవు ఇస్తే 4.8 సెంటీమీటర్లు వస్తుంది, మనిషి హాయిగా పడుకుంటాడు. అప్పుడు గది 12 బుడిపెలకు 18 బుడిపెలు అవుతుంది. ఈ లెక్క వాడే కాగితం మీద వేసుకున్నాడు. బడిలో నిష్పత్తులంటే ఏడుపు ముఖం పెట్టే పిల్లవాడు. ఇది చూసి "చూశావా, లెక్కలు వచ్చేశాయి" అని వెంటనే అనకండి. ఆట అనుకున్నది పాఠమని తెలియగానే వాడు దాన్ని వదిలేస్తాడు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

గది గోడలు లేచాయి. మూడు వైపులా గోడ, ముందువైపు తెరిచి ఉంచాడు నాటకాల రంగస్థలంలా. తెల్ల ముక్కలతో కాగితపు తలుపులు, ఎత్తి పక్కన పెట్టగల కప్పు. లోపల మాత్రం ఏమీ లేదు, నేల తప్ప. నాకు బోసిగా కనిపించింది. ఒక రాత్రి వాడు పడుకున్నాక, పెట్టెలో మిగిలిన ముక్కలన్నీ తీసి లోపల అలంకరించాను. ఒక చెట్టు, రెండు దీపాలు, కత్తుల స్టాండు, మధ్యలో చిన్న కొలను కూడా. పొద్దున చూసి మురిసిపోతాడనుకున్నాను.

పొద్దున వాడు చూశాడు. ఏమీ అనలేదు. ఏడవలేదు, అరవలేదు. మూడు రోజులు దాని దగ్గరికి పోలేదు. నాలుగో రోజు అడిగాను, "ఏం నాయనా, కట్టడంలేదే?" అని. "అది నీది కదవ్వా" అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పాడు.

ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పయిందని వాడితో చెప్పాను. నేను పెట్టిన ముక్కలు నేనే ఒక్కొక్కటి తీశాను, ఏది తియ్యాలో వాణ్ణి అడిగి. చెట్టు బయట గుమ్మం పక్కకు పోయింది. దీపాలు గోడకు పోయాయి. కొలను పెట్టెలోకి పోయింది. నేల మళ్లీ ఖాళీ అయ్యాక గది ఎంత పెద్దదిగా కనపడిందో! డోజోలో అసలు వస్తువు ఆ ఖాళీ నేలే. గోడలూ కప్పూ దాన్ని కాపాడటానికే ఉన్నాయి. మనుషులు వచ్చి నిలబడటానికి, పడటానికి, లేవటానికి ఆ జాగా కావాలి. కట్టినవాడికి అది తెలుసు, అరవై ఏళ్లు దాటిన నాకు తెలియలేదు. అప్పటినుంచి వాడి ఆదివారాలు కూడా నాకు వేరుగా కనపడుతున్నాయి. ట్యూషను, హిందీ, సంగీతం అంటూ గంట గంటకూ ఏదో ఒకటి తెచ్చి మధ్యలో పెట్టేది మనమే కదా. అందుకే కోడలితో అన్నాను, క్లాసు వద్దని కాదు, ఇప్పుడే వద్దు, వాడు అడిగిన రోజు చూద్దామని.

సాయం చేయకూడదా అంటే, చేయవచ్చు. పిలిచినప్పుడు చేయాలి. గట్టిగా అతుక్కున్న పలచటి ముక్కలు విడదీయడానికి పెద్దవాళ్ల గోళ్లు కావాలి. రంగులవారీగా ఏరిపెట్టడానికి ఒక మనిషి తోడుంటే బాగుంటుంది, కూరగాయలు ఏరుతూ కబుర్లు చెప్పుకున్నట్టే ఉంటుంది. అడగదలిస్తే జవాబు మనకు నిజంగా తెలియని ప్రశ్నలే అడగండి. "లోపలికి వచ్చేవాడు చెప్పులు ఎక్కడ విడుస్తాడు?" అని నేను ఒకసారి అడిగాను. మర్నాటికి గుమ్మం బయట చిన్న అరుగు, దాని మీద గోధుమరంగు ముక్కలు జతలు జతలుగా వచ్చాయి. "గురువు ఎటువైపు కూర్చుంటాడు?" అన్నదానికి ఇద్దరం కలిసి తెలుసుకున్నాం. గుమ్మానికి ఎదురుగోడ ముఖ్యమైన గోడ. దాన్ని షోమెన్ అంటారు. విద్యను స్థాపించినవారి పటం అక్కడ ఉంటుంది, అందరూ మొదట అటు తిరిగి నమస్కరిస్తారు. ఒక గోడకు శిష్యుల పేర్లు రాసిన చిన్న చెక్క పలకలు వరుసగా వేలాడతాయి, పెద్ద శిష్యుడి నుంచి కొత్తగా చేరినవాడి దాకా. ఆ పలకలకు వాడు ఒక్కో బుడిపె ముక్కలు పెట్టాడు. తొమ్మిది. కానో శిష్యులు ఎందరో చెప్పింది గుర్తుంచుకున్నాడన్నమాట.

పటం చోట ఎవరిని పెట్టాలన్నది ఇంట్లో పెద్ద చర్చ అయింది. వాళ్ల నాన్న వీరఘట్టం నుంచి వచ్చిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి కథ చెప్పాడు. మా కోడలు ఆంజనేయస్వామి అంది. చివరికి ఏమీ పెట్టలేదు, తెల్ల ముక్క ఒకటి అలాగే ఉంది. తొందర పెట్టలేదు మేం.

కొందరు తల్లులకు ఒక భయం ఉంటుంది, ఈ కొట్లాట బొమ్మలతో పిల్లలు మొండిగా తయారవుతారేమోనని. కాదనను, ఊరికే కత్తులు పట్టించి ఢీ కొట్టించే ఆట ఐదు నిమిషాల్లో దెబ్బలాటకు దిగుతుంది. కానీ డోజోను వివరంగా కట్టే పిల్లవాడు కత్తికంటే ముందు గుమ్మం కట్టాలి, గుమ్మం దగ్గర తల వంచాలి. పోటీకి ముందు ఎదుటివాడికి నమస్కారం, అయిపోయాక మళ్లీ నమస్కారం. సాధన చేసేవాళ్లే నేల ఊడ్చి, గుడ్డతో తుడుస్తారు. లెగో మనిషికి నడుము దగ్గర కీలు ఉంది, మోకాలి దగ్గర లేదు. మోకాళ్ల మీద కూర్చోలేడు గానీ నమస్కరించగలడు. మా వాడు ఇద్దర్ని ఎదురెదురుగా వంచి నిలబెట్టాడు. ఆ ఇద్దరికీ వారం రోజులు కుస్తీ మొదలే కాలేదు, నమస్కారంలోనే ఉన్నారు.

జూడోలో మొదట నేర్పేవాటిలో ఒకటి పడటం. దెబ్బ తగలకుండా ఎలా పడాలి, చేత్తో చాపను చరిచి ఆ ఊపును ఎలా పంచాలి అని. ఇది వాడికి ముందే చెప్పి ఉంచాను. ఎందుకంటే కప్పు కూలుతుంది. ఎంత జాగ్రత్తగా కట్టినా పెద్ద కప్పు ఎప్పుడో ఒకప్పుడు చేతిలోంచి జారుతుంది. మాకూ జారింది. ఆ క్షణంలో "అయ్యో" అని మీరు ముందు అరవకండి. వాడి ముఖం చూడండి. వాడు ఏడిస్తే దగ్గరికి తీసుకోండి, నవ్వితే నవ్వండి, ఏమీ అనకుండా ముక్కలు ఏరుకుంటుంటే మీరూ మౌనంగా ఏరండి. మా వాడు అరచేత్తో నేల మీద ఒక చరుపు చరిచాడు, జూడో వాళ్లలా. తర్వాత కట్టిన కప్పుకు లోపల రెండు దూలాలు పెట్టాడు.

"మన దగ్గర డోజోలు లేవా అవ్వా?" అని అడిగాడు ఒక సాయంత్రం. ఇలాంటి ప్రశ్న కోసమే ఇన్నాళ్లు కాచుకుని ఉన్నానేమో అనిపించింది. ఎందుకు లేవు! కన్నడంలో గరడి మనె, మన తెలుగులో గరిడీ, తాలింఖానా. గురువును వస్తాదు అనేవాళ్లం. దండీలు, బస్కీలు, కర్రసాము, గదలు, ఎత్తడానికి సంగడాలు, మూలన ఆంజనేయస్వామి. చాపల బదులు తవ్వి మెత్తగా చేసిన ఎర్రమట్టి. అందులో నూనె, పసుపు, నిమ్మరసం కలిపి పదును చేస్తారు. లోపలికి వెళ్లేవాడు ఆ మట్టిని వేలితో అద్దుకుని కళ్లకు అద్దుకుంటాడు. గారడీ, గరిడీ ఒకటి కావని వాడికి నచ్చజెప్పడానికి కొంతసేపు పట్టింది.

అక్కడి నుంచి మాట హంపికి పోయింది. మాకు సండూరు, హొస్పేట దాటితే హంపే. మహర్నవమి దిబ్బ రాళ్ల మీద కుస్తీ పట్టే మల్లుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగి, అదే నూనె ఒంటికి పట్టించుకుని, మట్టితో చేసిన బరువులు ఎత్తి, ఆ నూనె చెమటగా కారేదాకా కత్తి తిప్పి, తర్వాత తన మల్లుల్లో ఒకరితో కుస్తీ పట్టేవాడట. ఆ పైన గుర్రం మీద మైదానంలో సవారీ. స్నానం అన్నీ అయ్యాకే. అంత పెద్ద రాజు రోజూ ఇంకొకరితో కలబడి మట్టిలో దొర్లేవాడంటే పిల్లవాడికి నోట మాట రాలేదు.

మరునాడు రెండో కట్టడం మొదలైంది, గరిడీ. దీనికి తలుపు పొట్టిగా ఉండాలన్నాను, తల వంచి వెళ్లేలా. నాలుగు ఇటుకల ఎత్తు గుమ్మం 3.84 సెంటీమీటర్లు, మనిషి 4. నిటారుగా పోతే తల తగులుతుంది, వంగితే దూరతాడు. ఇది వాడు కనిపెట్టి నాకు చూపించిన సంగతి. నేలకు నిజం మట్టే కావాలన్నాడు. ఇక్కడ మాత్రం ఒక జాగ్రత్త చెప్పాను. మట్టి గరుకు ఇటుక సందుల్లోకి పోతే పట్టు చెడుతుంది. అందుకని ఒక డబ్బా మూతలో పెరటి మట్టి జల్లించి పోసి, ఆ మూత చుట్టూ గోడలు కట్టాడు. చోరనూరు మట్టి మీద ఇద్దరు లెగో మల్లులు. కంపెనీ అమ్మే ఏ పెట్టెలోనూ లేని బొమ్మ అది.

ఇక ఇంట్లో పనికొచ్చే కొన్ని మాటలు. కట్టడాన్ని నేల మీద కాకుండా ఒక చెక్క పీట మీద మొదలుపెట్టించండి. రాత్రి ఊడ్చేటప్పుడు మంచం కిందికి జరపవచ్చు, "తీసెయ్యి, పడుకోవాలి" అని రోజూ కూల్చమనే బాధ తప్పుతుంది. ముక్కలన్నీ పాత దుప్పటి మీద పోసుకుంటే నాలుగు కొసలు పట్టి ఎత్తితే సరి. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే చిన్న ముక్కలు వాళ్ల కంట పడనివ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. కడగడానికి గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు చాలు. 40 డిగ్రీల వేడి దాటకూడదు. బళ్లారి ఎండలో మిద్దె మీద ఆరబెట్టవద్దు, ప్లాస్టిక్ వంగుతుంది, తెల్లవి పసుపు రంగుకు తిరుగుతాయి. నీడలో, గుడ్డ మీద చాలు.

దసరా దగ్గరికి వస్తోంది. మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం. అటక మీది పెట్టెల్లోంచి కొండపల్లి బొమ్మలు, మా అమ్మ ఇచ్చిన రాముడి పరివారం, చన్నపట్టణ నుంచి మనవడి నాన్న తెచ్చిన చెక్క లక్కబొమ్మలు దిగుతాయి. ఈసారి కింది మెట్టు వాడికి ఇచ్చాను. కుడివైపు డోజో, ఎడమవైపు గరిడీ పెడతాడట. మధ్యలో ఏం పెడతావని నేను అడగలేదు. మెట్టు కొలుచుకుని వెళ్లాడు. నిన్న రాత్రి చూస్తే పీట మీద ఎర్రమట్టి కొత్తగా జల్లించి ఉంది, దాని పక్కన రెండు జతల చెప్పులు వరుసగా పెట్టి ఉన్నాయి.